ఫైల్లో నేను నాన్‌వెజ్

ఆ రోజు నా కుడికాలి చెప్పు జారిపోయింది. జారిపోయిన సంగతి నాకు తెలియలేదు.

నేను బెంగళూరులో వర్తూరు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లైబ్రరీ అసిస్టెంటుని. పిల్లలు తిరిగిచ్చిన పుస్తకాలు చేతుల నిండా పట్టుకుని గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఆరో తరగతి అమ్మాయి వెనకాలే వచ్చి, "మిస్, మీ స్లిప్పర్ అక్కడే ఉండిపోయింది" అంది. కిందికి చూసుకున్నాను. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. నిలబడింది చల్లటి గ్రానైట్ మీద. అరికాలికి ఆ చల్లదనం అందడం లేదు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. నలుగురు నా వైపు చూస్తే నాకు మాట రాదు. ముందు చెప్పు వేసుకుని అక్కడి నుంచి తప్పుకుంటే చాలనిపించింది.

ఇంటికొచ్చి డైరీ తీశాను. పేజీ తిప్పబోతే రెండు పేజీలు కలిసి తిరిగాయి. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. వేళ్ళ చివర్లకు పలచటి గుడ్డ చుట్టినట్టుంది. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. కొన్ని వారాలుగా ఒక నవల చదువుతూ, కథ ఎక్కడికక్కడ గెంతుతోందని ఆ రాసినాయనను విసుక్కుంటున్నాను. పాపం ఆయన గెంతలేదు. నా వేళ్ళే పేజీలు ఎగరగొడుతున్నాయి.

అమ్మతో చెప్పాను. మా అమ్మ ఒక చిన్న నర్సింగ్‌హోంలో స్టాఫ్ నర్సు. ఇంట్లో నర్సు ఉండడం అదృష్టమని బయటివాళ్ళు అనుకుంటారు. నర్సు ఇంట్లో జబ్బు చేస్తే ముందు తిట్లు, ఆ తర్వాతే మందులు.

అమ్మ నా కింది రెప్ప లాగి చూసి, "తెల్లగా పాలిపోయి ఉండావు కదే. యాడుంది రక్తం? పొద్దస్తమానం ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే రక్తం పడుతుందా?" అంది.

"రక్తం కాదమ్మా, కాలు తెలియట్లేదు."

"రక్తం లేకపోతే కాలేంది, తల కూడా తెలీదు. రేపు మా డాక్టర్‌కి చూపిస్తా, పద."

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది నంద్యాల వైపు. నాన్న, కొత్తగా కడుతున్న బిల్డింగుల దగ్గర కరెంటు పనుల సూపర్‌వైజరు. బెంగళూరు వచ్చాక ఇల్లు దొరకడానికి చాలా తిరిగాం. నాన్న పేరు రత్నం, నా పేరు బ్లెస్సీ. పేర్లు విన్నాక కొందరు "చెప్తాం" అని చెప్పేవాళ్ళు కాదు. చివరికి రుక్మిణమ్మ ఆంటీ వాళ్ళ మేడ మీది ఇల్లు దొరికింది. ఆంటీ వాళ్ళు తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. కులం అడగలేదు, మతం అడగలేదు. ఒకటే షరతు పెట్టారు: "నా ఇంట్లో నీసు వండకూడదమ్మా. గుడ్డు కూడా." అమ్మ వెంటనే, "మేం తిననే తినం అక్కా" అంది. వండం అంటే సరిపోయేది. తినం అనేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో తిండి గురించి మాట్లాడడమే మానేశాం. నాన్న మధ్యాహ్నాలు సైటు దగ్గర హోటల్లో తినేవారు. అమ్మ నర్సింగ్‌హోం క్యాంటీన్లో ఎగ్ కర్రీ తినేది. ఇద్దరూ ఇంటికొచ్చి పప్పన్నం తిని, ఏమీ జరగనట్టు పడుకునేవారు. మిగిలింది నేను. మా స్కూల్లో లంచ్ బాక్సులో మాంసం, గుడ్డు తేకూడదు. హోటల్‌కి ఒక్కదాన్నే వెళ్ళి కూర్చుని, పిలిచి ఆర్డరిచ్చేంత ధైర్యం నాకు ఈ జన్మలో లేదు. చిన్నప్పటి నుంచి పాల వాసన పడదు, బ్లాక్ టీ తాగుతాను. పెరుగు ఎప్పుడైనా రెండు చెంచాలు. క్రిస్మస్‌కి నంద్యాలలో పిన్ని వాళ్ళింట్లో తినే కోడికూర ఏడాదికొక్కసారి. నాలుగేళ్ళు ఇలా గడిచాయి. ఇంట్లో ఒక మనిషి దాదాపు శాకాహారి అయిపోయిందని ఎవరూ గమనించలేదు. ఆ మనిషి కూడా గమనించలేదు.

అమ్మ వాళ్ళ డాక్టర్ రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ తక్కువ. రిపోర్టు చూస్తూ ఆయన, "సెల్స్ సైజు కొంచెం పెద్దగా ఉంది. బి12 ఒకటి చూద్దామా" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. తర్వాత పైన నా పేరు చూశారు. "మీరు నాన్‌వెజ్ తింటారు కదా?"

"తింటాం సార్! ఎందుకు తినం?" అంది అమ్మ.

ఆ గొంతులో సంతోషం ఇప్పటికీ నాకు గుర్తే. ఇంటి దగ్గర తినం, తినం అని చెప్పీ చెప్పీ అలసిపోయిన మనిషి, చివరికి నిజం చెప్పడానికి ఒక చోటు దొరికినట్టు చెప్పింది. ఆమె వరకు అది నిజమే. పేషెంటు మాత్రం నేను. నేను నోరు తెరిచాను. అప్పటికే డాక్టర్ రాసేస్తున్నారు.

"అయితే బి12 అక్కర్లేదు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ రాస్తున్నా. మూడు నెలలు."

ఫైల్లో 'డైట్' అన్న చోట 'నాన్‌వెజ్' అని పడింది. నోరు మూసుకున్నాను.

మాత్రలు మొదలయ్యాక ఊరంతా నాకు వంట మొదలుపెట్టింది. చర్చిలో మార్తమ్మ ఆంటీ ప్రతి ఆదివారం సీసాలో బీట్‌రూట్ జ్యూస్ తెచ్చేది. "తాగమ్మా, ఇది నేరుగా రక్తమే" అనేది. అది తాగిన మర్నాడు బాత్రూంలో ఎర్రగా కనబడి నేను కేకేస్తే, అమ్మ తన నర్సు జ్ఞానం మరిచి, దేవుని పేరెత్తి ఏడ్చింది. బీట్‌రూట్ వల్లే అలా వస్తుందని తేలడానికి ఒక పూట పట్టింది. కింద రుక్మిణమ్మ ఆంటీ రాగి అంబలి పంపేది, మునగాకు కూర పంపేది. ఎవరో ఖర్జూరాలన్నారు, ఎవరో రాగి చెంబులో నీళ్ళన్నారు. అందరూ ప్రేమతోనే చెప్పారు. ఆకులో, దుంపలో, ఖర్జూరంలో నాకు లేని ఆ ఒక్క విటమిన్ లేదని మాత్రం ఎవరికీ తెలియదు.

మళ్ళీ పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ పెరిగింది. అమ్మ ఆ కాగితాన్ని చర్చిలో కూడా చూపించింది. "చూడండి, పాప ఎట్లా తేరుకుందో."

పాప తేరుకోలేదు. సబ్బు నురగతో కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే ఒళ్ళు తూలి గోడకు కొట్టుకునేదాన్ని. కళ్ళు తెరిస్తే బాగానే నిలబడేదాన్ని. మెట్లు దిగుతుంటే ఏ మెట్టు ఎక్కడుందో కళ్ళతో చూస్తే తప్ప పాదానికి తెలిసేది కాదు. జాకెట్టు హుక్కులు అమ్మే పెట్టాల్సి వచ్చేది. డైరీలో నా అక్షరాలు నావిగా లేవు.

"అమ్మా, ఇంకా ఎక్కువైంది."

"రిపోర్టు నార్మల్ వచ్చింది కదే! రిపోర్టు కంటే నీకెక్కువ తెలుసా?"

ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. "ఎక్కువసేపు కూర్చునే ఉద్యోగమా? డిస్క్ ప్రెషర్ ఉండొచ్చు" అని నడుముకు బెల్టు ఇచ్చారు. నేను రోజంతా నిలబడి పుస్తకాలు సర్దుతాను. అది చెప్పేలోగా తర్వాతి పేషెంటును పిలిచారు. బెల్టు పెట్టుకుని వారాల తరబడి చెమటతో తిరిగాను. ఇంకో ఫిజీషియన్ నన్ను కాదు, అమ్మను అడిగారు: "పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా? ఈ వయసులో స్ట్రెస్‌కి ఇలా తిమ్మిర్లు వస్తాయి." అవును, అరికాలికి నేల తెలియనంత స్ట్రెస్! ఆయన కూడా పాత ఫైలు తిరగేసి, డైట్ నాన్‌వెజ్ అని తన కాగితంలోకి ఎక్కించుకున్నారు. ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి నా కోడికూర అలా ప్రయాణం చేస్తూనే ఉంది.

స్కూల్లో ప్రిన్సిపల్ మేడమ్ నేను నిచ్చెన మీద ఊగడం చూశారు. "బ్లెస్సీ, పూర్తిగా నయమయ్యాక రా అమ్మా. ఏదైనా అయితే పిల్లల ముందు ఇబ్బంది" అన్నారు. మర్యాదగానే అన్నారు. పూర్తిగా నయం అవుతుందా లేదా అన్నదే నాకు తెలియదు. పుస్తకం పట్టుకోలేని చేతులతో, మెట్లు దిగలేని కాళ్ళతో మిగిలిన జీవితమంతా ఈ మేడ మీదే ఉండిపోతానేమో అని అప్పుడే మొదటిసారి భయం వేసింది.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద పడ్డాను. చివరి మూడు మెట్లే కాబట్టి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. రుక్మిణమ్మ ఆంటీ వరండాలోనే ఉంది. లేపి కూర్చోబెట్టి అమ్మకు ఫోన్ చేసింది. "ఏంది సుజాతా నువ్వు, నర్సువై ఉండి! పిల్ల తాగినదాని మాదిరి నడస్తా ఉండాది. నరాల డాక్టర్‌కి చూపిద్దాం రా. నేనూ వస్తా, పట్టుకోను ఒకరు ఉండాల గదా."

నాన్న సైటులో ఉన్నారు. అందుకని పెద్ద ఆసుపత్రి న్యూరాలజిస్టు గదిలోకి మేం ముగ్గురం వెళ్ళాం: నేను, అమ్మ, ఓనరు.

డాక్టర్ నడివయసు ఆవిడ. కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారు, తెలుగు అర్థమయ్యేది. ట్యూనింగ్ ఫోర్కు మోగించి నా బొటనవేలి మీద పెట్టి, "వైబ్రేషన్ తెలుస్తోందా?" అన్నారు. తెలియలేదు. చీలమండ మీద తెలియలేదు. మోకాలి దగ్గర ఏదో సన్నగా తెలిసింది. కళ్ళు మూసుకోమని నా వేలును కదిపి, పైకా కిందికా చెప్పమన్నారు. ఊహించి చెప్పాను, ఊహ చాలాసార్లు తప్పింది. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. నేను పక్కకు ఒరగగానే ఆంటీ, "అయ్యో పడతాది, పట్టుకోండప్పా!" అని అరిచింది. డాక్టర్ అప్పటికే పట్టుకున్నారు.

డాక్టర్ కూర్చుని ఫైలు తిప్పారు. "నాన్‌వెజ్ అని ఉంది. వారానికి ఎన్నిసార్లు?"

అమ్మ ఓనరు వైపు చూసింది. "మేం... తినం మేడమ్."

"ఇక్కడ అంతటా నాన్‌వెజ్ అనే ఉందే."

"అది పొరపాటున రాసుంటారు మేడమ్."

"అన్ని చోట్లా పొరపాటేనా?" డాక్టర్ పెన్ను కింద పెట్టారు. "చూడమ్మా, నాకు ఇది ముఖ్యం. ఏది నిజం?"

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. ఆమె భయం నాకు తెలుసు. ఈ ఇల్లు పోతే ఇంకో ఇంటి కోసం మళ్ళీ ఎన్ని గుమ్మాల ముందు పేర్లు చెప్పుకోవాలో ఆమెకే తెలుసు. అయినా నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. డాక్టర్ అడుగుతున్నది నా కాళ్ళ గురించి. అమ్మ జవాబు చెబుతున్నది ఇంటి గురించి.

"మేడమ్, మా అమ్మ తింటుంది. మా నాన్న తింటారు. నేను తినను. ఏడాదికొకసారి, క్రిస్మస్‌కి తప్ప" అన్నాను. గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది.

ఆంటీ గోడ మీద ఉన్న మెదడు బొమ్మను చూడసాగింది.

"గుడ్డు?" అన్నారు డాక్టర్.

"లేదు."

"పాలు?"

"తాగను."

"ఎన్నాళ్ళుగా?"

"ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి. నాలుగేళ్ళు."

"ఎవరైనా బి12 చెక్ చేశారా?"

"నాన్‌వెజ్ తింటారు కాబట్టి అక్కర్లేదన్నారు."

డాక్టర్ ఫైలు మూసి పక్కన పెట్టారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. బి12 మాంసం, చేప, గుడ్డు, పాలలో మాత్రమే సహజంగా ఉంటుంది. ఒంట్లో దాచుకున్న నిల్వ కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది, తర్వాత అయిపోతుంది. అది లేకపోతే రక్తమూ దెబ్బతింటుంది, నరాలూ దెబ్బతింటాయి. "ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం మెరుగవుతుంది. రిపోర్టు బాగుంటుంది, అందరూ సంతోషిస్తారు. నరాలకు మాత్రం ఏమీ అందదు, అవి పాడవుతూనే ఉంటాయి. మీకు జరిగింది అదే అనుకుంటున్నాను."

రక్తం తీశారు, ఎమ్మారై తీశారు. బి12 అడుగుకు పడిపోయి ఉంది. ఎమ్మారైలో వెన్నుపాములో తెల్లటి గీత కనిపించింది. 'సబ్‌అక్యూట్ కంబైన్డ్ డీజెనరేషన్' అన్నారు, అంటే వెన్నుపాములో నరాలు క్రమంగా పాడవడం. అమ్మకు ఆ పేరు కొత్త కాదు. పాఠాల్లో చదువుకున్న పేరేనట. ఒంటికి విటమిన్ పట్టకపోవడం వల్ల కూడా ఇలా అవుతుందని, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పరీక్ష కూడా చేశారు. అది నెగటివ్. అంటే తిండిలో లేకపోవడమే కారణం.

"తిరిగి వస్తుందా మేడమ్?" అని అడిగాను.

"చాలావరకు రావాలి. పూర్తిగా అని మాట ఇవ్వలేను. ఇంకొన్ని నెలలు ఆగి వచ్చుంటే ఇది కూడా చెప్పేదాన్ని కాదు."

రిపోర్టులు తీసుకుని తిరిగొచ్చేటప్పుడు ముగ్గురం ఒకే ఆటో ఎక్కాం. సిగ్నల్ దగ్గర ఆంటీయే మొదలుపెట్టింది.

"సుజాతా, నాకు తెల్దనుకుంటివా?"

"అక్కా..."

"మీ ఆయన శనివారం హోటల్లో తినేసొచ్చి మెట్లెక్కుతా ఉంటే, బిరియానీ వాసన ఆయన కంటే ముందే పైకి పోతాది. నాకూ ముక్కుండాది కదప్పా."

"మరి ఎప్పుడూ అడగలేదేంటక్కా?"

"అడిగితే నువ్వు నిజం చెప్తావు. చెప్తే మా ఆయన ఖాళీ చేపిచ్చు అంటాడు. మంచోళ్ళు ఉండారు, ఎందుకులే అని గమ్మునుంటి." తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, "నా ఇంట్లో వండొద్దంటి గానీ, కాళ్ళు పడిపొయ్యేదాకా తినొద్దని నేనంటినా బిడ్డా?" అంది.

 నాన్నకు తెలుసు, అమ్మకు తెలుసు, ఓనరుకూ తెలుసు. అందరూ ఒకరికి తెలియకుండా ఒకరు 'తినం' అన్న ఆ మాటను దాటారు, లేదా చూసీ చూడనట్టు ఉన్నారు. దాన్ని ఆ ఇంట్లో అక్షరాలా పాటించింది నేనొక్కదాన్నే. వెన్నుపాములో గీత పడిందీ నాకే.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అమ్మే ఇచ్చేది. మొదట్లో రోజు విడిచి రోజు, తర్వాత వారానికి, ఆ తర్వాత నెలకు. సూది గుచ్చేటప్పుడు నా ముఖం వైపు చూసేది కాదు. ఒకసారి మాత్రం, దూదితో రుద్దుతూ, "ఎంతమందికి డైట్ హిస్టరీ రాసినానో నా చేత్తో. మా పిల్లదే అడగలే" అంది. నేను ఓదార్చలేదు. అప్పటికి నాలో అంత ఓపిక లేదు.

మొదటి వారాల్లో తిమ్మిర్లు తగ్గకపోగా పెరిగాయి. పాదాల నిండా చీమలు. మందు వికటించిందని అమ్మ, తప్పుడు రోగం చెప్పారని నాన్న. డాక్టర్‌కి ఫోన్ చేస్తే, "నరాలు కోలుకునేటప్పుడు కొందరికి అలా ఉంటుంది. ఆపకండి" అన్నారు. ఫిజియోథెరపీలో వంటగట్టు పట్టుకుని, ఒక పాదం వేళ్ళకు ఇంకో పాదం మడమ ఆనించి గీత మీద నడిచినట్టు నడవమన్నారు. రెండడుగులకే తూలేదాన్ని. ఒక నెలలో గదంతా నడిచాను. తర్వాత వైరల్ జ్వరం వచ్చి, లేచేసరికి మొదటికొచ్చినట్టయింది. ఆ వారం డైరీలో ఒకటే వాక్యం ఉంది: 'విసుగొచ్చింది.'

వీటన్నిటి కంటే విసిగించింది వాదన. సంగతి ఎలా పొక్కిందో, చర్చిలో అందరికీ తెలిసింది. "దేవుడు తినమని ఇచ్చినవి మానేస్తే ఇంతే. లివర్ సూప్ పెట్టు సుజాతా" అంది మార్తమ్మ ఆంటీ. కింద ఓనరు అంకుల్, "మా అమ్మ ఆకులు, పాలు తిని తొంబై ఏండ్లు బతికె. ఆమెకు యాడ రాలే ఈ రోగం" అన్నారు. ఒకరు ఆదివారం, ఒకరు రోజూ. నా కాళ్ళు ఇద్దరి వాదానికీ సాక్ష్యం అయిపోయాయి. నాన్న అయితే ఏకంగా హోటల్ నుంచి ఆమ్లెట్ కట్టించుకొచ్చి, నన్ను బస్టాపుకు పిలిచి తినిపించారు. బీఎంటీసీ బస్సులు వచ్చిపోతుంటే దొంగతనం చేసినదానిలా తిన్నాను.

ఇదంతా డాక్టర్‌కి చెబితే ఆవిడ నవ్వి, "మీకు విటమిన్ కావాలి. మతం మార్చుకోవాల్సిన పని లేదు. శాకాహారిగానే ఉంటానంటే ఉండండి, కానీ బి12 మాత్రో ఇంజెక్షనో ఎప్పటికీ మానకండి. తింటానంటే తినండి, అప్పుడు కూడా పరీక్ష చేయించుకుంటూ ఉండండి. మీరేం తింటారో మీరు నిర్ణయించుకోండి" అన్నారు. ఇన్ని నెలల్లో ఆ చివరి మాట నాతో అన్నది ఆవిడొక్కరే.

ఇప్పుడు నేను మళ్ళీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. నిచ్చెన ఎక్కను, పై అరల పుస్తకాలు అటెండర్ అక్క తీసిస్తుంది. మెట్లు దిగగలను, కమ్మీ పట్టుకుంటాను. చేతులు దాదాపు బాగయ్యాయి. పాదాల వేళ్ళ చివర్లు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి. మొన్న చూపించుకుంటే, "ఇంత కాలం గడిచాక మిగిలింది ఉండిపోవచ్చు" అన్నారు. ఉండిపోతే ఉండిపోనీ అని నేను ఇంకా అనుకోలేకపోతున్నాను. నెలకో ఇంజెక్షన్ తీసుకుంటాను. గుడ్డు తింటాను. ఓనరాంటీ ఒకరోజు పైకొచ్చి, "ఉడికించుకో, అంతే. అట్లు గిట్లు వెయ్యొద్దు, వాసన. పెంకులు కాగితంలో చుట్టి నువ్వే బయట పడేయాల. అంకుల్‌కి చెప్పొద్దు" అని అనుమతిచ్చి దిగిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఇంకో రహస్యం తయారైంది. నేను మాత్రం గుడ్డు కిటికీ తెరిచే ఉడికిస్తాను.

చదివేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. తిమ్మిర్లో, నీరసమో అని వెళ్ళినప్పుడు డాక్టర్ "వెజ్జా, నాన్‌వెజ్జా?" అని అడిగితే ఆ రెండు మాటల్లో ఒకటి ఎంచుకోకండి. నిన్న పొద్దున ఏం తిన్నారో, రాత్రి ఏం తిన్నారో, పాలు తాగుతారో లేదో, గుడ్డు చివరిసారి ఎప్పుడు తిన్నారో చెప్పండి. మీ ఇంటివాళ్ళవి కాదు, మీవి. ఆ రెండు నిమిషాలూ మీతో వచ్చినవాళ్ళను, ఎంత ప్రేమగా వచ్చినవాళ్ళనైనా సరే, బయట కూర్చోమనండి.